పాత సర్కారు మ్యాపుని టీషర్టు మీద వేసి అమ్మొచ్చా?

ప్రశ్న: ఉండేది బెంగళూరు, మారతహళ్లి. తిరుప్పూరులో టీషర్టులు కుట్టించి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతుంటాను. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1950ల నాటి బెంగళూరు మ్యాపు, అమెరికా నేషనల్ పార్కుల మ్యాపులు ప్రింటు వేయిద్దామనుకుంటున్నాను. పబ్లిక్ డొమైనే కదా, అంటే ఎవరి హక్కూ లేనివే కదా, ఏం కాదంటున్నారు అందరూ. నిజమేనా?

జవాబు: వేసుకోవచ్చండీ, కాకపోతే ‘1950ల నాటిది’ అంటే చాలదు, షీటు అంచున ఏ సంవత్సరం అచ్చయిందని ఉందో చూడండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణకి రక్షణ 60 ఏళ్లు, లెక్క అచ్చయిన మరుసటి ఏడాది నుంచి. అంటే 1958లో వచ్చిన షీటు మీద హక్కు 2018 చివరితో పోయింది. అదే షీటుని 1975లో కొత్త రోడ్లు కలిపి మళ్లీ వేసుంటే, ఆ కలిపినదానికి 2035 చివరిదాకా ఆగాల్సిందే.

అమెరికా మ్యాపులకి ఈ లెక్కలు అక్కర్లేదు. ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో భాగంగా గీసినదానికి అక్కడ కాపీరైటే ఉండదు. అయితే రాష్ట్రాల, నగరాల మ్యాపులకి ఇది వర్తిస్తుందనుకోకండి. పార్కుల మ్యాపు మూలన బాణం మొన ఆకారంలో ఒక లోగో ఉంటుంది, ఫైలు ప్రింటింగుకి పంపేముందు దాన్ని తీసేయించండి. అది కాపీరైట్ సంగతి కాదు, ఆ పార్కుల్ని నడిపే నేషనల్ పార్క్ సర్వీస్ ముద్ర, అనుమతి లేకుండా వాడనివ్వరు.

మీరు అడగలేదు గానీ నాకు అసలు భయం వేరే చోట. బెంగళూరు వరకే అయితే సరే, రేపు ముచ్చటపడి బ్రిటిష్ కాలం నాటి ఇండియా మ్యాపు మొత్తం వీపు మీద వేయించారనుకోండి, సర్వే ఆఫ్ ఇండియా చూపే సరిహద్దులతో అది కలవదు. అలాంటి మ్యాపు ప్రచురిస్తే 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మ్యాపు పాతది, హక్కు తీరిపోయింది అన్న వాదన అక్కడ పనికిరాదు. ఆ జోలికి వెళ్లకండి.

గూగుల్ మ్యాప్స్ స్క్రీన్‌షాట్ కూడా వద్దు, టీషర్టుల్లాంటి అమ్మకం సరుకు మీద వాడకూడదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది.

ఇంకొకటి. హక్కు తీరిన మ్యాపు మీకెంతో పక్క షాపువాడికీ అంతే, వాడూ వేసుకుంటాడు. మీరు కూర్చిన రంగులు, అమరిక మీవే కావాలంటే డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేయించండి, అదీ ఇన్‌స్టాలో మొదటి ఫొటో పెట్టకముందే. బయటపెట్టేశాక కొత్తదనం పోయిందని దరఖాస్తు తిప్పికొడతారు. రిజిస్టర్ చేయించకుండా 50 పీసులు దాటించారా, ఆ డిజైను మీద కాపీరైట్ కూడా నిలవదు.