డబ్బా కొబ్బరి క్రీమ్ ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: పాలు వాడని కేకు మీద వేయడానికి డబ్బా కొబ్బరి క్రీమ్ గిలక్కొడుతున్నాను. ఒకసారి గట్టిగా నిలుస్తోంది, మరోసారి మజ్జిగలా జారిపోతోంది. కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: ముందు డబ్బా వెనక్కి తిప్పండి. పైనున్న పేరు చూసి కొంటేనే ఈ తిప్పలు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం కొబ్బరి పాలలో కనీసం 10 శాతం, కొబ్బరి క్రీమ్‌లో కనీసం 20 శాతం కొవ్వు ఉండాలి. గిలక్కొట్టడానికైతే 20కి తగ్గింది వద్దు. 'లైట్' రకం అసలే పనికిరాదు. 'క్రీమ్ ఆఫ్ కోకోనట్' వేరే సరుకు, దాన్నిండా చక్కెరే.

పదార్థాల్లో కొబ్బరి, నీళ్లు మాత్రమే ఉంటే మేలు. గ్వార్ గమ్, పాలీసార్బేట్ 60 లాంటివి కొవ్వునూ నీళ్లనూ విడిపోనివ్వవు. ఐస్‌క్రీమ్‌కు అది మంచిదే గానీ, ఇక్కడ మనకు కావలసింది విడిపోయిన కొవ్వే. డబ్బా ఊపి చూసి, గలగలమంటే వదిలేయమంటారు కొందరు. కొబ్బరి కొవ్వు సుమారు 24 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, వేడి రోజుల్లో ఈ పరీక్షను నమ్మలేం.

తెచ్చాక రాత్రంతా కదపకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్ వద్దు, పలుకులు కడుతుంది. పైన గట్టిపడ్డ మీగడను మాత్రమే చెంచాతో తీయండి, అడుగు నీళ్లు కలవనీయకండి. 400 మిల్లీలీటర్ల డబ్బాకు 2 టేబుల్‌స్పూన్ల చక్కెర పొడి చాలు. చల్లబరిచిన గిన్నెలో వేసి, నునుపుగా కాగానే ఆపేయండి. అతిగా తిప్పితే వేడెక్కి నూనె తేలుతుంది. అలా అయితే అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ కొద్దిసేపు గిలక్కొట్టండి.

పొడిగా అమ్మే కొబ్బరి పాలు కొంటుంటే సోడియం కేసినేట్ ఉందేమో చూసుకోండి. అది పాల నుంచి తీసిందే.