బైల్ అంటే పైత్యమేనా? మా అమ్మ అనుభవం

"బైల్ అంటే మన పైత్యమేనా? మరి పిచ్చిని కూడా పైత్యం అని ఎందుకు అంటారు?" అని ఒకరు అడిగారు. మాట వరకు చూస్తే అవును, పైత్యమే. కానీ ఆ ఒక్క మాట చాటున మా ఇంట్లో ఒక జబ్బు రెండేళ్లు దాక్కుంది.

పెళ్లి భోజనం చేసి వచ్చిన రాత్రల్లా మా అమ్మకు కుడి డొక్కలో నొప్పి వచ్చేది, పసరు కక్కేది. పైత్యం చేసిందని అల్లం, బెల్లం నూరి పెట్టేవాళ్లం. వేరుశనగపప్పు మాన్పించాం. ఒకరోజు కళ్లు పచ్చబడ్డాయి. స్కానింగ్ తీస్తే కాలేయం కింద బైల్ నిల్వ ఉండే తిత్తి, అంటే గాల్ బ్లాడర్‌లో రాళ్లు, అందులో ఒకటి జారి బైల్ పేగులోకి దిగే గొట్టానికి అడ్డం పడింది. "బైల్ కిందికి దిగడం లేదమ్మా" అన్నారు డాక్టరు గారు. "అదే కదా బాబూ నేను చెబుతున్నది, పైత్యమని!" అంది అమ్మ.

డాక్టరు చెప్పే బైల్ కాలేయంలో రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా ఊరే పసుపుపచ్చ రసం. కొవ్వు అరగడానికి అది కావాలి. చేపను శుభ్రం చేసేటప్పుడు పగిలితే కూరంతా చేదయ్యే ఆ ఆకుపచ్చ తిత్తిలో ఉండేది ఇదే. దీని దారి మూసుకుపోతే దీనిలోని బిలిరుబిన్ అనే పసుపు రంగు పదార్థం రక్తంలో చేరి కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది, మలం తెల్లబారుతుంది. మనం మాత్రం పొద్దున్నే కడుపులో తిప్పినా, తల తిరిగినా, పుల్లటి తేన్పులు వచ్చినా పైత్యమే అంటాం. అందులో చాలావరకు జీర్ణాశయంలోని యాసిడ్ పని. నూనె వంటలు తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే దయచేసి అల్లం దగ్గర ఆగిపోకండి, స్కానింగ్ చేయించండి.

ఇక పిచ్చి సంగతి. పైత్యం అంటే పిత్తానికి చెందినది అని అర్థం. ఆయుర్వేదంలో పిత్తం ఒక్క రసం కాదు, ఒంట్లోని వేడి అంతా అదే. దాన్ని ఐదు రకాలుగా చెబుతారు. వాటిలో సాధక పిత్తం గుండెలో ఉండి బుద్ధిని నడిపిస్తుందంటారు. అలాంటి పిత్తం అదుపు తప్పితే బుద్ధీ తప్పుతుందన్నది పాతవాళ్ల లెక్క. "వాడి పైత్యం వాడిది", "పైత్యం ముదిరింది" అనే మాటల వెనుక ఉన్నది ఆ ఆలోచనే అని నా నమ్మకం. తమిళంలోనూ పిత్తు అంటే అటు పైత్యం, ఇటు పిచ్చి.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది గ్రీకు వైద్యులూ ఇలాగే అనుకోవడం. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు చెప్పి, నల్లది పెరిగితే మనిషి దిగులులో మునిగిపోతాడన్నారు. మెలాంకలీ అన్న మాటకు అసలు అర్థం నల్ల పిత్తమే. బైల్ మాత్రం లాటిన్ 'బిలిస్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో ఆ మాటకు కోపం అని కూడా అర్థం ఉంది.

ఆపరేషన్ అయ్యాక అమ్మ రాళ్లను చిన్న సీసాలో పెట్టి ఇచ్చారు. అవి చాలావరకు కొలెస్ట్రాలే అన్నారు. గ్రీకులో ఖోలే అంటే పిత్తం, స్టెరియోస్ అంటే గట్టిది. ఆ పదార్థం మొదట దొరికింది ఇలాంటి రాళ్లలోనే, అందుకే దానికి ఆ పేరు పెట్టారు.