పక్కనే ఫంక్షన్ హాల్, అర్ధరాత్రి దాకా డీజే: మా కాలనీలో ఏం చేశామంటే

మీరు అడిగింది ఇదీ: ఇంటి వెనకే ఫంక్షన్ హాల్ ఉంది, ముహూర్తాల రోజుల్లో రాత్రి పన్నెండు దాటినా డీజే ఆగదు, గుండెకు స్టెంట్ వేయించుకున్న నాన్నగారికి నిద్ర ఉండటం లేదు. వెళ్లి చెబితే "పెళ్లన్నాక ఆ మాత్రం సందడి ఉండదా" అంటున్నారు. పోలీసులకు ఫోన్ చేస్తే కాలనీలో అందరికీ చెడ్డవాళ్లం అవుతామేమో అని భయం.

మేం హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌కీ హాల్ ప్రహరీకీ మధ్య ఒక చిన్న రోడ్డు, అంతే. మాకూ ఇదే టెన్షన్ ఉండేది. ఇప్పుడు చప్పుడే లేదని చెప్పను. పదింటికి బాక్సులు ఆగుతున్నాయి, సాయంత్రం మోత కూడా ఇంట్లో మాట్లాడుకోగలిగేంతకు దిగింది. అది ఎలా జరిగిందో వివరంగా రాస్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

ముందుగా ఒక మాట. రాత్రి పదకొండింటికి 100కో 112కో ఫోన్ చేయడంలో తప్పేమీ లేదు, చేయండి. కానీ దానితో ఆ రాత్రి కూడా పూర్తిగా గడవదు. పెట్రోలింగ్ బండి వస్తుంది, సౌండ్ తగ్గుతుంది, బండి సందు దాటగానే మళ్లీ పెరుగుతుంది. ఆ సమయంలో అక్కడ ఉన్నవాళ్లు పెళ్లికొడుకు తండ్రి, తాగి ఊగుతున్న కుర్రాళ్లు, డబ్బులు ఇంకా చేతికి రాని డీజే అబ్బాయి. వాళ్లలో ఎవరికీ రేపు మీతో పని లేదు. మీతో ఏడాది పొడుగునా పని ఉండేది హాల్ యజమానికి. కాబట్టి మాట్లాడాల్సింది అతనితో, అదీ పెళ్లి లేని రోజున, చేతిలో కాగితంతో.

ఆ కాగితంలో ఏం రాయాలో నాకు మా బావ చెప్పాడు. ఆయనది జనగామ వైపు టెంట్ హౌస్, సౌండ్ బాక్సుల వ్యాపారం. చాలా ఏళ్లుగా అదే పని. "సౌండ్ తగ్గించండి అని అడిగితే ఎవడూ తగ్గించడు. ఏది ఎక్కడ తగ్గించాలో చెప్పు" అన్నాడు. ఆయన చెప్పిన లెక్క ఇది: ఆంప్లిఫయర్ పవర్ సగానికి తగ్గించినా తగ్గేది 3 డెసిబెల్సే (డెసిబెల్ అంటే శబ్ద తీవ్రతను కొలిచే లెక్క). చెవికి పెద్ద తేడా తెలియదు. మోత సగమైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే పవర్ పదో వంతుకు రావాలి. అందుకే డీజే అబ్బాయి మీ ముందే నాబ్ కొంచెం తిప్పి "తగ్గించాను కదా సార్" అన్నా మీ గోడలు అలాగే అదురుతుంటాయి. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ తగ్గింపు సరిపోదు, అంతే.

ఇంకోటి, మన ఇంట్లోకి వచ్చేది పాట కాదు, బేస్, అంటే పాట అడుగున దడదడలాడే లోతైన శబ్దం. 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనలు) శబ్దానికి ఒక్కో తరంగం పొడవు సుమారు 7 మీటర్లు ఉంటుంది. దానికి మన కిటికీ అద్దం, చెట్ల వరస, రేకుల గోడ పెద్ద అడ్డం కాదు. పాటలో మాటలు వినపడవు, గుండె మీద గుద్దినట్టు దడదడ మాత్రం వస్తుంది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి చూస్తే అంకె అంత పెద్దగా కనిపించకపోవడానికీ ఇదే కారణం. సాధారణంగా వాడే 'ఎ' కొలత మనిషి చెవి తీరును అనుసరిస్తుంది కాబట్టి, 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించి లెక్క వేస్తుంది. అందుకని యాప్ అంకె చూసి మీకు మీరే అనుమానపడకండి. ఆ అంకె అధికారిక సాక్ష్యం కాదు, పక్కింటివాళ్లకు చూపించడానికి మాత్రం పనికొస్తుంది.

బావ సలహా మీద మేం హాల్ వాళ్లను అడిగినవి ఇవి. మిక్సర్‌లో బేస్ బాగా తగ్గించాలి. బేస్ బాక్సులు మా వైపు ప్రహరీ పక్కన కాకుండా అవతలి చివర పెట్టాలి. పైన పెట్టే బాక్సులు (టాప్‌లు) లోపలికి, కిందికి వంచాలి. స్టేజీ దగ్గర రెండు పెద్ద బాక్సులు పెట్టి చివరి కుర్చీ దాకా వినిపించాలని పెంచే బదులు, చిన్న బాక్సులు నాలుగైదు చోట్ల పెడితే అందరికీ వినపడుతుంది, బయటికి తక్కువ పోతుంది. యజమాని మొదట ఒప్పుకోలేదు. బావతో ఫోన్‌లో మాట్లాడించాక ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఇవతల మాట్లాడుతున్నది ఆ పని తెలిసిన మనిషి. మీ చుట్టాల్లోనో స్నేహితుల్లోనో సౌండ్ పని చేసేవాళ్లు ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్లండి. నా అనుభవంలో లాయర్ నోటీసు కన్నా అదే బాగా పనిచేసింది.

బావ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవలో మనం ఎప్పుడూ మరిచిపోయేది ఆ పని చేసేవాళ్లనే. రోజుకు 8 గంటలు 85 డెసిబెల్స్ దాటితే వినికిడికి ప్రమాదం అని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్క కట్టారు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతూ పోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర అది 15 నిమిషాలే. మా బావ, ఆయన దగ్గర పనిచేసే పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు బాక్సుల పక్కన రాత్రంతా నిలబడతారు. ఆయనకు ఇప్పుడు పక్క గదిలో ఫోన్ మోగినా వినపడదు, రాత్రుళ్లు చెవుల్లో హోరు. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) తీయిస్తే 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలో పడినట్టు కిందికి దిగింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలు ఒక్కసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవని డాక్టర్ చెప్పారు. నేను హాల్ యజమానితో మాట్లాడినప్పుడు మా నిద్ర గురించి చెప్పినంతసేపూ ఆ కుర్రాళ్ల చెవుల గురించీ చెప్పాను. ఇది ఇవతలివాళ్లకూ అవతలివాళ్లకూ మధ్య తగాదా కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక చట్టం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది, అక్కడ పరిమితి పగలు 50, రాత్రి 40. లౌడ్ స్పీకర్‌కు లిఖితపూర్వక అనుమతి కావాలి. ప్రైవేటు స్థలంలో పెట్టుకున్న సౌండ్ ఆ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితిని 5 డెసిబెల్స్ కన్నా ఎక్కువగా దాటకూడదు. అంటే నివాస ప్రాంతంలోని హాల్ అయితే సాయంత్రం పూట కూడా ప్రహరీ దగ్గర 60 దాటకూడదు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే సుమారుగా అంత ఉంటుంది. ఈ ముక్క విన్నాక మా హాల్ మేనేజర్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మాది క్లోజ్డ్ హాల్, మాకు రాత్రి రూల్ వర్తించదు" అని మీకూ చెబుతారు. మూసిన హాళ్లలో, లోపలివాళ్లకు వినిపించడానికి రాత్రి కూడా మైకు వాడుకోవచ్చన్న మినహాయింపు నిజంగానే ఉంది. కానీ పైన రేకులు, మూడు వైపులా తెరిచిన లాన్ ఉంటే అది మూసిన హాల్ ఎలా అవుతుంది? నిజంగా మూసిన హాలే అయినా సరిహద్దు దగ్గరి పరిమితి తప్పదు. పండుగలకు అర్ధరాత్రి దాకా అనుమతి ఉంటుందని కూడా అంటారు. అది రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా సాంస్కృతిక, మతపరమైన పండుగలకు ఇచ్చే సడలింపు. ఎవరింట్లో పెళ్లయినా దాని కిందికి రాదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మీ హాల్ విషయానికి అది నేరుగా సంబంధించదు కానీ, మాట్లాడేటప్పుడు ప్రస్తావించండి, గాలి ఎటు వీస్తోందో వాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, మన కాలనీ. మేం హాల్ దగ్గరికి వెళ్లడానికి ముందు అపార్ట్‌మెంట్‌లో మీటింగ్ పెట్టుకున్నాం. రెండో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ లేచి, "వాళ్లను అడిగే ముందు మన వినాయకుడి మండపం సంగతి తేల్చండి. తొమ్మిది రోజులు నా కిటికీ కిందే కదా బాక్సులు" అన్నారు. కొందరికి కోపం వచ్చింది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. పూజ సమయంలో మాత్రమే మైకు, సాయంత్రం చిన్న బాక్సు ఒకటి, తొమ్మిది దాటాక మైకు లేకుండా భజన అని రాసుకున్నాం. నిమజ్జనానికి డీజే బండి బదులు డప్పులవాళ్లను పిలిచాం, ఆడవాళ్లు కోలాటం వేశారు. డప్పు చప్పుడు తక్కువేమీ కాదు. కానీ అది మనిషి చేతిది, అలసిపోతే ఆగుతుంది, ఊరేగింపుతోపాటు ముందుకు సాగిపోతుంది. పిల్లలు కూడా డీజే దగ్గర కన్నా ఎక్కువ ఆడారు. ఫ్లాట్లలో డ్రిల్లింగ్, వడ్రంగి పనులకు కూడా వేళలు పెట్టుకున్నాం. రాత్రిపూట గేటు ముందు హారన్ కొట్టొద్దని బోర్డు పెట్టాం. నివాస ప్రాంతంలో రాత్రి హారన్ కొట్టడం ఆ నిబంధనల ప్రకారం కూడా నిషిద్ధమే, అత్యవసరమైతే తప్ప.

ఇదంతా ముందే చేసి ఉండటం వల్ల "మీ వినాయకుడికి పెట్టరా మీరు?" అని హాల్ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్నకు మా దగ్గర జవాబు ఉంది. మీ కాలనీలో గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు ఏది ఉన్నా వాటికీ ఇదే కొలత. ఒకదాన్ని వదిలి ఇంకోదాని మీద ఫిర్యాదు చేస్తే అది శబ్దం గొడవగా మిగలదు, దయచేసి ఆ దారిలో వెళ్లకండి. చెన్నైలోని ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు 2000లోనే, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పలేదంది. అందరికీ కలిపి చెప్పిన మాట అది.

మీటింగులో ఒకాయన "ఒక్క రాత్రికి ఏమవుతుందండీ" అన్నారు. ఆయనకు నేను 2005 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనక ఉన్న సంగతి చెప్పాను. ఆ పిటిషన్‌కు కారణం 1998 మొదట్లో పత్రికల్లో వచ్చిన వార్త. పదమూడేళ్ల పిల్ల మీద అత్యాచారం జరిగింది. ఆ పిల్ల కేకలు పెట్టింది. చుట్టుపక్కల లౌడ్ స్పీకర్‌లో మోగుతున్న పాటల హోరులో ఆ కేకలు ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఈ సంగతి తీర్పులోనే ఉంది. గొంతెత్తి మాట్లాడే హక్కు ఎవరికైనా ఉందిగానీ, వినడానికి ఇష్టం లేనివాళ్ల చెవుల్లోకి లౌడ్ స్పీకర్ పెట్టి దూర్చే హక్కు లేదని ఆ తీర్పు చెప్పింది. ఆ తర్వాత మా మీటింగులో వాదన సాగలేదు.

కాగితం విషయం: ఒక్కరి పేరుతో కాకుండా అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రాయండి, హాల్ చుట్టూ ఉన్న నాలుగు వైపుల ఇళ్ల సంతకాలు తీసుకోండి. ఏ తేదీల్లో ఎన్నింటి దాకా మోగిందో పట్టిక పెట్టండి. తిట్లు, బెదిరింపులు వద్దు. ఒక ప్రతి హాల్‌కు, ఒకటి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి, ఒకటి కాలుష్య నియంత్రణ మండలికి. నిబంధనల కింద చర్య తీసుకునే అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు కాబట్టి కమిషనరేట్ పరిధిలో అయితే ఏసీపీ ఆఫీసుకు కూడా ఇవ్వండి. మా హాల్‌లో ఇప్పుడు బుకింగ్ కాగితం మీదే "రాత్రి 10కి సౌండ్ బంద్" అని అచ్చు వేస్తున్నారు. పెళ్లివాళ్లు సంతకం పెట్టాకే అడ్వాన్సు తీసుకుంటారు. దాంతో రాత్రిపూట వెళ్లి ఎవరినో బతిమాలే పని మాకు తప్పింది.

మీ పేరు బయటికి వస్తుందన్న భయానికి కూడా ఆ సంతకాలే జవాబు. మీరు ఒక్కరే బాధపడుతున్నారని అనుకోకండి. మేం తలుపు తట్టిన ఇళ్లలో చాలామంది "మీరే ముందు అడిగారు, సంతోషం" అన్నారు.

నాన్నగారి విషయంలో ఆగకండి. నిద్రలో మెలకువ రాకపోయినా శబ్దానికి గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాబట్టి రాత్రి నిద్ర పట్టడం లేదన్న సంగతి ఆయన గుండె డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఈలోగా మంచాన్ని హాల్‌కు దూరంగా ఉన్న గదిలోకి మార్చండి. మందుల షాపులో దొరికే మెత్తటి ఇయర్ ప్లగ్స్ పాటను బాగానే ఆపుతాయి, బేస్‌ను అంతగా ఆపలేవు. అయినా కొంత ఊరట.

హాల్ వాళ్లతో మాట్లాడటానికి ఆషాఢంలోనో మూఢంలోనో వెళ్లండి. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో యజమాని ఖాళీగా ఉంటాడు, కూర్చోబెట్టి వింటాడు, శ్రావణం బుకింగులు రాసుకునేలోపు కాగితం మార్చుకునే వీలూ అతనికి ఉంటుంది.