ఎనిమిదో నెలలో రాత్రంతా మెలకువే

ప్రశ్న: మాది గాజువాక. తొలి కాన్పు, ఇప్పుడు 34వ వారం. పోయిన చెకప్‌లో బీపీ 136/88 ఉందని వారంలో మళ్లీ రమ్మన్నారు. మా తోడికోడలికి తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. నాకూ అలాగే అవుతుందేమోనని రాత్రంతా కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటున్నాను. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. అత్తయ్యతో అంటే ‘చెడు తలుచుకోకూడదు’ అని కసురుతున్నారు. వచ్చే వారం నర్సీపట్నం, మా పుట్టింటికి పంపిస్తామంటున్నారు. వెళ్లమంటారా?

జవాబు: అమ్మా, ఇంట్లో ఒక బిడ్డ పోతే, నెలలు నిండే కొద్దీ ఆ తలపు రాకుండా ఎలా ఉంటుంది? చెడు ఆలోచన వచ్చినంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు. ఈ మాట నమ్మండి. తోడికోడలికి జరిగింది మీకూ జరగాలని లేదు. అయినా ఆ సంగతీ, ఈ భయమూ డాక్టరుకు చెప్పండి.

రాత్రంతా కాపలా కాయడం వల్ల మీరు అలిసిపోవడమే తప్ప బిడ్డ గురించి కొత్తగా తెలిసేది లేదు. కడుపులో బిడ్డ కూడా మధ్యమధ్య నిద్రపోతుంది. రోజూ ఒకే వేళకు, రాత్రి భోజనం అయ్యాక అనుకుందాం, ఎడమ వైపు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది వస్తే చాలు, చాలామందికి అంతకంటే ముందే వస్తాయి. రాకపోయినా, మామూలుగా ఉండే కదలిక తగ్గిందని ఎప్పుడు అనిపించినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నెలలు నిండాక బిడ్డ కదలడం తగ్గుతుందని పెద్దవాళ్లు అంటారు. అది నిజం కాదు, ఆ మాట విని ఆగొద్దు.

బీపీ పై అంకె 140కి గానీ, కింది అంకె 90కి గానీ చేరితే ఎక్కువ కింద లెక్క. మీది దగ్గర్లో ఉంది కాబట్టే త్వరగా రమ్మన్నారు. సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందికి ఉండేదే. కానీ ముఖం ఉబ్బినా, వేలి ఉంగరం ఉన్నట్టుండి బిగిసినా, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, పక్కటెముకల కింద నొప్పి ఉన్నా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా తెల్లారేదాకా చూడొద్దు. అలాంటప్పుడు 108కి ఫోన్ చేయండి. మీ ఆయన నైట్ షిఫ్టులో ఉంటే పక్కింట్లో ఎవరు తోడు వస్తారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. రిపోర్టుల ఫైలు బీరువాలో కాదు, తలుపు దగ్గర బ్యాగులో ఉండాలి. ఆయన డ్యూటీలో ఫోన్ ఎత్తలేకపోతే ఎవరికి చేయాలో ఆ నంబరు కూడా అందులోనే రాసి పెట్టండి.

పుట్టింటి సంగతి. బీపీ ఇలా ఊగుతున్నప్పుడు, చూస్తున్న డాక్టరును వదిలి అంత దూరం వెళ్లడం నాకు ఇష్టం లేదు. మీ అమ్మగారినే ఇక్కడికి రప్పించుకోండి. పురుడయ్యాక బిడ్డతో వెళ్లొచ్చు. ఇది మీ నోటితో అంటే ఇంట్లో పేచీ అవుతుంది. అందుకే ఈసారి చెకప్‌కు అత్తయ్యగారిని వెంటబెట్టుకెళ్లి, ప్రయాణం గురించి ఆవిడ ఎదుటే అడగండి. డాక్టరు నోట విన్నాక ఆవిడ కాదనలేరు. ఆవిడ కసురులో కూడా భయమే ఉంది, ఒక మనవడినో మనవరాలినో పోగొట్టుకున్న మనిషి కదా.

ఇంత చేసినా నిద్ర పట్టక, అన్నం సహించక, ఏడుపు ఆగకపోతే అదీ డాక్టరుకు చెప్పండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.