మౌస్ ఉండగా ఎంవి కమాండ్ ఎందుకంటే...

ఫైళ్ల పేర్లు మార్చడానికి, వేరే ఫోల్డర్‌లోకి జరపడానికి మౌస్ ఉండగా లినక్స్‌లో టైపు చేసి వాడే ఎంవి (mv) కమాండ్ ఎందుకని అడిగారు. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాను. పది ఫైళ్లకైతే అక్కర్లేదు. వందల్లో ఉంటే మౌస్‌తో చేయడం శుద్ధ దండగ. కాకపోతే కమాండ్‌ను సగం నేర్చుకుని దిగొద్దు.

బ్లాక్ గెలాక్సీ (మెరిసే చుక్కలుండే నల్ల గ్రానైట్) కొనేవాళ్లకి ప్రతి పలక ఫోటో కావాలి. యార్డులో ఇద్దరు సూపర్‌వైజర్లు వాట్సాప్‌లోనే తీస్తారు. అది ఫోటోకి తేదీ, డబ్ల్యూఏ, నాలుగంకెల వరుస నంబరు కలిపి పేరు పెడుతుంది. ఏ ఫోన్ లెక్క ఆ ఫోన్‌దే, రోజూ మొదట్నుంచి మొదలవుతుంది. అంటే ఒకే రోజు రెండు ఫోన్లలోనూ అవే పేర్లు!

ఆఫీసులో ఉబుంటు (ఒక రకం లినక్స్) సిస్టమ్. కొత్తగా చేరిన కుర్రాడు మొదటి ఫోన్ ఫోటోలున్న ఫోల్డర్‌లోకే రెండో ఫోన్‌వి కూడా ఎంవి కొట్టాడు. అది కిక్కురుమనలేదు. కాసేపటికి "అన్నా, ఫోటోలు సగమే ఉండాయి" అన్నాడు. ట్రాష్‌లో వెతికితే ఏముంటుంది? ఎంవి పాతదాని మీద కొత్తది పెట్టేస్తే అది ట్రాష్‌కి వెళ్లదు. ఫోన్లలోవి అప్పటికే చెరిపేశారు. స్టాండుకి ఆనించిన పలకల్ని మళ్లీ క్రేన్‌తో ఒక్కొక్కటే లాగి, చుక్కలు మెరవాలని నీళ్లు కొట్టి, ఎండలో ఫోటోలు తీశారు. తిట్లు మాత్రం కంప్యూటర్ వాళ్లకి!

ఎంవి పక్కన హైఫన్ ఐ పెడితే, ఆ పేరుతో ఫైలు ఉన్నప్పుడు అడిగి మారుస్తుంది. హైఫన్ ఎన్ పెడితే ఉన్నదాన్ని ముట్టుకోదు. ఇప్పుడు మేం ముందు ఒక ఫర్ లూప్‌తో (ఒకే పనిని ఫైళ్లన్నిటికీ వరసగా చేయించే ఆదేశం) ప్రతి పేరుకీ ముందు ఫోన్ గుర్తు తగిలించి, తర్వాతే ఒకచోట చేరుస్తున్నాం.

విండోస్‌లో పేర్లు మార్చే రెన్ (ren) కమాండ్‌కి, ఏ పేరైనా సరే అని చెప్పే స్టార్ (*) గుర్తులిచ్చి జేపీఈజీలన్నీ ఒక్క దెబ్బకి జేపీజీ చేయొచ్చు. లినక్స్‌లో ఎంవితో అది కుదరదు, మనం కొట్టిన కమాండ్‌ని చదివే షెల్ అనే ప్రోగ్రామ్, ఎంవికి అందకముందే స్టార్‌ని విప్పి, ఉన్న ఫైళ్ల పేర్లుగా మార్చేస్తుంది.

ఇక పార్టీలు పంపే ఫైళ్ల సంగతి. "ఫైనల్ కొత్తది 2" అని మధ్యలో ఖాళీలు వదిలి పేర్లు పెట్టేవాళ్లని ఏమనాలి? కొటేషన్లు పెట్టడం మరిచామా, ఆ ఒక్క పేరునీ ఎంవి మూడు పేర్లుగా చదువుతుంది. మధ్యలో ఒక అండర్‌స్కోర్ కొడితే వాళ్ల సొమ్మేం పోతుందో!