రిస్క్ ప్రశ్నావళిలో వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చా?

మ్యూచువల్ ఫండ్ యాప్‌లోని ప్రశ్నావళి మిమ్మల్ని ‘అగ్రెసివ్’ (ఎక్కువ రిస్కుకు సిద్ధపడే) మదుపరిగా తేల్చిందని, ఆ ప్రకారం చేతిలో ఉన్న 20 లక్షలూ ఈక్విటీలో, అంటే షేర్లలో, పెట్టవచ్చునా అని అడిగారు. 2015లో నాకూ అదే ఫలితం వచ్చింది. ‘మీ పెట్టుబడి 20 శాతం తగ్గితే ఏం చేస్తారు?’ అన్న ప్రశ్నకు, ఆఫీసులో కాఫీ తాగుతూ, ‘ఇంకా కొంటాను’ అని టిక్కు పెట్టాను.

సెన్సెక్స్ వంటి షేర్ల సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండులో నెలకు 10 వేల చొప్పున కట్టిన సిప్ 2020 జనవరికి ఏడున్నర లక్షలయింది. మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులోనే 3,934 పాయింట్లు పడిపోగా, ఆ రాత్రి యాప్‌లో 4 లక్షల 80 వేలు కనిపించాయి. శాతాల్లో ఆ తరుగు 36. నా కళ్లకు మాత్రం అయిదు నెలల జీతం. ఇంట్లోవాళ్లు లేవకుండా ఫోను వెలుతురు తగ్గించుకుని, తెల్లవారేదాకా ఆ అంకె మారదని తెలిసి కూడా, రెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి చూశాను. మరునాడు మొత్తం అమ్మేశాను. అదే ఏడాది నవంబరులో సెన్సెక్స్ జనవరి నాటి గరిష్ఠ స్థాయిని దాటింది.

నిజానికి నష్టాన్ని తట్టుకునే స్తోమత నాకుంది: ఉద్యోగం పోలేదు, అప్పు లేదు, ఆ డబ్బుతో పదేళ్లదాకా పని లేదు. లేనిది ఓర్పు. నేను నింపిన ప్రశ్నావళి ఈ రెండింటినీ కలిపి ఒకే మార్కు వేసింది. ఫండు పేరు పక్కన రిస్కు ఎంతో చూపే రిస్కోమీటర్ కూడా ఆ పథకం సంగతి చెబుతుందే తప్ప మీ సంగతి చెప్పదు. విచిత్రమేమిటంటే, ఊరి బయట కొన్న ప్లాటుకు ఏళ్ల తరబడి బేరం రాకపోయినా నాకు చీమ కుట్టినట్టయినా లేదు. దాని ధర రోజూ ఎవరూ చెప్పరు గదా.

ఇప్పుడు లెక్కను తిరగేసి వేస్తున్నాను. 2008 జనవరి నుంచి 2009 మార్చి లోపల సెన్సెక్స్ దాదాపు 60 శాతం పడింది. మళ్లీ అంత పడినా నేను భరించగలిగేది 6 లక్షలనుకుంటే, ఈక్విటీలో 10 లక్షలకు మించి ఉంచను. మిగిలినది ఎఫ్‌డీలలో, పీపీఎఫ్‌లో ఉంటుంది. మీ 20 లక్షలకు అదే లెక్క వేస్తే పోయేది 12 లక్షలు. ఆ అంకెను కాగితం మీద రాసి, దాని పక్కన మీ నెల జీతం కూడా రాసి చూడండి. ఇంటి లోను ఉందో లేదో మీరు చెప్పలేదు. ఉంటే కనీసం ఆరు నెలల ఈఎంఐలకు సరిపడా సొమ్ము ముందుగా పక్కకు తీసి, మిగిలినదాని మీదనే ఈ లెక్క వేయండి.