భాష రాకపోతే భృతి ఆపవచ్చా?

బ్రిటన్‌లో ఇంగ్లిష్ రాని వలసదారులకు నిరుద్యోగ భృతి ఆపేస్తారా అని హైదరాబాద్ నుంచి ఒకరు అడిగారు. అమీర్‌పేటలో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు శిక్షణ పొంది ఉద్యోగ వీసాపై వెళ్లేవారికి ఈ చర్చ దాదాపు వర్తించదు. శాశ్వత నివాస హక్కు వచ్చేవరకు వారిలో అత్యధికులకు అలాంటి భృతి కోరే అర్హతే ఉండదు.

2013 జూన్‌లో అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్‌బోర్న్, ఇంగ్లిష్ సరిగా రాని నిరుద్యోగులు భాషా తరగతులకు వెళ్లాలని, వెళ్లకపోతే భృతిలో కోత పడుతుందని ప్రకటించారు. భాష వస్తే పని దొరకడం తేలికన్న వాదన కొట్టిపారేయదగినది కాదు. అయితే ఆయన పదవిలో ఉండగానే, 2015లో, ఆ తరగతులకు కేటాయించిన 4.5 కోట్ల పౌండ్ల నిధిని ఉపసంహరించారు. షరతు పెట్టి, దాన్ని నెరవేర్చే దారిని మూసివేయడమే ఇందులో అసలు లోపమని నా అభిప్రాయం.

ఆస్ట్రియా మరింత ముందుకు వెళ్లింది. అక్కడి 2019 నాటి చట్టం జర్మన్‌లో బీ1 (మధ్యస్థ) స్థాయి గాని, ఇంగ్లిష్‌లో సీ1 (ఉన్నత) స్థాయి గాని లేనివారికి పూర్తి సాయం అందకుండా చేయగా, అంత భాష అవసరం లేని ఉద్యోగాలు ఎన్నో ఉన్నాయన్న కారణంతో రాజ్యాంగ న్యాయస్థానం అదే ఏడాది డిసెంబరులో ఆ నిబంధనను కొట్టివేసింది.

మన దగ్గర ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చి గచ్చిబౌలిలో భవనాలు కట్టే కూలీలు జాతీయ ఆహార భద్రతా చట్టం కింద తమ రేషన్‌ను ఇక్కడే తీసుకోవచ్చు. దానికి తెలుగు పరీక్ష లేదు. వారు ఈ దేశ పౌరులే కాబట్టి పోలిక పూర్తిగా సరిపోదనుకోండి.